రెండో సాక్ష్యం

“ఇంకోసారి ఆస్పత్రి పేరెత్తినావంటే ఈ ఇంట్లో పచ్చి నీళ్లు కూడా ముట్టను!” అంటూ సుందరరాజు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

పాపం, లూదియా చేసిన నేరమేమిటి? హైదరాబాదు ఆస్పత్రి నుంచి ఫోను వచ్చిందని చెప్పింది. కూతురు ఏంజెల్‌ను రెండో విడత వైద్యానికి వచ్చే వారం చేర్చమన్నారని చెప్పింది. అంతే!

ఏంజెల్ తలలో ఎడమవైపు రక్తనాళాలు పుట్టుకతోనే చిక్కుపడి, పెద్ద ముడిగా పెరిగాయి. డిగ్రీ చదివే పిల్ల... ఆళ్లగడ్డ చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినిపించే గొంతు! ఆ పిల్ల ఒకరోజు మూర్ఛ వచ్చి పడిపోతే నంద్యాల తీసుకుపోయారు. స్కానింగ్ చూసిన డాక్టరు, తండ్రి కేసీ కాలువ కింద వరి పెట్టే రైతని తెలుసుకుని అతని భాషలోనే అడిగాడు.

“కాలువ నిండుగా పారేటప్పుడు తూములన్నీ ఒకేసారి మూస్తే ఏమైతాదప్పా?”

“గట్టు తెగుతాది సార్.”

“ఇదీ అంతే. ముడి పెద్దది. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, జిగురులాంటి మందుతో ముందు కొన్ని నాళాలు మూస్తారు. కొన్నాళ్లు ఆగి మిగతావి. ఆ తర్వాతే ఆపరేషన్. మధ్యలో మాత్రం ఆపొద్దు. సగం మూసిన ముడి కూడా చిట్లుతుంది.”

సుందరరాజు బుద్ధిగా తల ఊపాడు. ఆ ఊపిన తల తర్వాత ఎక్కడికి పోయిందో!

హైదరాబాదులో మొదటి విడత అయింది. తలనొప్పి తగ్గింది. పిల్ల నవ్వింది. ఇంకేం, ఆ ఆదివారమే సుందరరాజు చర్చిలో లేచి, “నా బిడ్డకు దేవుడు సంపూర్ణ స్వస్థత ఇచ్చినాడు!” అని సాక్ష్యం చెప్పేశాడు. కృతజ్ఞత కూడిక పెట్టి, పొట్టేలు కోసి వీధి వీధంతా పిలిచి భోజనాలు పెట్టాడు. గడివేముల నుంచి, కొత్తపల్లె నుంచి జబ్బు మనుషులు వచ్చి ఏంజెల్ చేయి పట్టుకుని ఏడ్చి వెళ్లారు. సంఘ పెద్దగా అతని మాటకు ఎక్కడలేని విలువ వచ్చింది. ఇప్పుడు కూతుర్ని మళ్లీ ఆస్పత్రిలో చేరిస్తే ఆ విలువ ఏమైపోవాలి!

“ఏమయ్యా... పాస్టరయ్య కూడా పొమ్మనే చెప్పినాడు కదా. డాక్టరు చెయ్యి కూడా దేవుని చెయ్యే అన్నాడు కదా...” లూదియా వెంటపడి బతిమాలింది.

“ఆయనకేం, చెప్తాడు! రేపు ఊరేమంటాది? సుందరరాజు దేవుని సన్నిధిలో అబద్ధం చెప్పినాడు అనదా?”

“అబద్ధం కాదయ్యా, తొందరపడినావు... అంతే! బిడ్డ కంటే నీ మాట ఎక్కువా?”

వంటింటి గడప మీద కూర్చున్న అత్త హన్నమ్మ అందుకుంది. “ఏందే, మొగోని నోటికి ఎదురు పోతాండావ్? నీకు విశ్వాసం లేకనే బిడ్డకు జబ్బొచ్చె!”

మొగుడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అత్తగారు దగ్గరుండి లెక్కపెట్టి మరీ మూడే అంటుంది. ఇంక లూదియా ఎవరికి చెప్పుకోవాలి!

చివరికి ఏంజెలే తల్లి కన్నీళ్లు తుడిచింది. “పోనీలేమా... నాయన నలుగుర్లో తల దించుకుంటే నేను చూడలేను. నాకు బాగానే ఉంది కదా! క్రిస్మస్ పోయినాక నేనే అడుగుతా.”

క్రిస్మస్ దాకా ఆ ముడి ఆగలేదు. చర్చిలో పాటలు నేర్చుకుంటూ, చరణం మధ్యలో “మా... తల...” అని పిల్ల కుప్పకూలిపోయింది. నంద్యాలకు, అక్కడి నుంచి కర్నూలుకు పరుగెత్తారు. తల తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు. ప్రాణం నిలిచింది. కుడి చేయి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాటలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప.

“ఆమేన్.”

ఆకలైనా ఆమేన్. దాహమైనా ఆమేన్. నొప్పికి వెక్కివెక్కి ఏడుస్తూ కూడా ఆమేన్! నోటికి బాగా అలవాటైన మాట ఒక్కోసారి అలా మిగులుతుందని డాక్టరు చెప్పాడు. అయ్యో తల్లీ, మిగలడానికి ఇంకో మాటే దొరకలేదా! అది విన్నప్పుడల్లా హన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయేది.

చక్రాల కుర్చీలో ఏంజెల్‌ను మొదటిసారి చర్చికి తీసుకొచ్చిన ఆదివారం, పాస్టరయ్య ఎప్పటిలాగే అడిగాడు. “సాక్ష్యం చెప్పేవాళ్లు ఉంటే లేవండి.”

మగవాళ్ల వైపు సుందరరాజు లేచాడు! “చావు నోట్లోంచి నా బిడ్డను దేవుడు...”

“నిలపయ్యా!” ఆడవాళ్ల వైపు లూదియా లేచింది. ఎన్నడూ సాక్ష్యానికి లేవని మనిషి. “ఈసారి నేను చెప్తా.”

చర్చి అంతా ఇటు తిరిగింది.

“నా బిడ్డకు అప్పుడు నయం కాల్యా. సగం వైద్యమే అయింది. మిగతా సగానికి రమ్మంటే, పరువు పోతాదని మేం పోల్యా. దేవుడు మాకు ఏ అన్యాయం చేయల్యా. మేమే ఆయన పేరు చెప్పి బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టినాం. మీ ఇండ్లల్లో ఎవరికన్నా ఇట్లాంటిది ఉంటే సగంలో నిలపవాకండి... కాళ్లు పట్టుకుంటా, నిలపవాకండి! ఇదే నా సాక్ష్యం.”

సాక్ష్యం ముగిస్తే అందరూ ఆమేన్ అనాలి. ఒక్కరూ అనలేదు.

“ఆమేన్,” అంది ఏంజెల్.

దాహమేమో అనుకుంది లూదియా. నీళ్ల సీసా మూత తీసి బిడ్డ నోటి దగ్గర పెట్టింది. ఏంజెల్ ఎడమ చేత్తో సీసాను పక్కకు నెట్టేసింది. తండ్రి వైపు తిరిగి, అతన్నే చూస్తూ, మళ్లీ అంది.

“ఆమేన్.”

సుందరరాజు కూర్చున్నాడు.