తూనిక రాసుకోని చేప

2094 నాటికి తూర్పుతీరంలో "బాగున్నారా" అన్న పలకరింపు పోయింది. ఇద్దరు కొత్తవాళ్ళు ఎదురుపడితే మొదటి మాట "మీదెంత?" అనే. వయసు గురించి కాదు, పిల్లల గురించీ కాదు. ఆ మనిషి దేశపు సమతాంకం ఎంత అని. చొక్కా కాలరు మీద, పడవ తెడ్డు మీద, చివరికి అప్పడాల పొట్లం మీద కూడా ఆ అంకె ఉండేది.

ఆ అంకెను ఇచ్చేది తూనిక. శాస్త్రవేత్తలు దాన్ని సమాజవాద మాపకం అని, సోషియోమీటర్ అని అనేవారు. ఒక దేశం ఏ మేరకు సమాజవాద దేశమో సున్నా నుంచి నూరు దాకా కొలిచి చెబుతుంది. నేల ఎవరిది, యంత్రం ఎవరిది, జబ్బు చేస్తే మందు ఎవరిస్తారు, కూలి ఎంతో ఎవరు నిర్ణయిస్తారు, పాలించేవాడికి ఎదురుగా నిలబడి కాదనగల హక్కు ఎంతమందికి ఉంది, ఇవన్నీ లక్షల సెన్సర్ల కళ్ళతో చూస్తుంది. జెండా రంగుకూ రాజ్యాంగం ముందుమాటకూ మోసపోదు. పేరులోనే సమాజవాదం తగిలించుకున్న ఒక దేశానికి ముప్పై ఒకటి వచ్చింది. ఇంకా రాజుగారున్న ఒక చలిదేశానికి అరవై ఎనిమిది వచ్చింది. ఆ ఏడాది రెండుచోట్లా జనం వీధిలోకొచ్చి తూనికను తిట్టారు.

తిట్టడంతో పోయేదైతే బాగుండేది. రెండు పొరుగు దేశాల అంకాల మధ్య తేడా ఇరవై దాటితే సరిహద్దు మూసేయాలని ప్రపంచ సమతా మండలి నియమం పెట్టింది. పంచుకునే దేశంలోకి పంచుకోని వాళ్ళు దూరకూడదని ఒకరి భయం. సంపాదించుకునే దేశంలోకి అడుక్కునేవాళ్ళు రాకూడదని ఇంకొకరి భయం. వరసగా ఇరవై ఏళ్ళు తేడా తగ్గకపోతే మధ్యనున్న వారధిని కూల్చేయాలి.

తూర్పు సహకార గణతంత్రానికి ఎనభై మూడు. నీటికి అవతల దక్షిణ స్వేచ్ఛా సమాఖ్యకు అరవై ఒకటి. ఎక్కువ వచ్చిందని వీళ్ళకు గర్వం, తక్కువ వచ్చిందని వాళ్ళకు గర్వం. వారధి మూసి ఆ రోజుకు పంతొమ్మిదేళ్ళ పదకొండు నెలలు. ఇరవయ్యో ఏటి కొలత ఆ ఉదయమే.

పోలమ్మ కొలతల భవనం మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతోంది. అరవై ఎనిమిదేళ్ళు. బడికి పోలేదు. చేపల పొట్లాలు కట్టే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. అలాంటి మనిషి ఫోటో ఆ భవనం ముఖద్వారం మీద, 'కొలతకు తల్లి' అన్న పేరుతో వేలాడుతోంది.

దానికి కారణం ఉంది. ఏ త్రాసుకైనా ఒక రాయి కావాలి. ముప్పై ఏళ్ళ కిందట తూనికను తయారు చేస్తున్నప్పుడు 'నూరు' అంటే ఏమిటో దానికి నేర్పడానికి ఒక నిజమైన ఊరు కావలసి వచ్చింది. అప్పటికే సముద్రంలో మునిగిపోయిన గవ్వలపాలెం పంపకం గురించి ఎవరో చెప్పారు. వలలో పడిందంతా ఇసుక మీద కుప్పలు పోస్తారు. పడవకో కుప్ప, వలకో కుప్ప, మొగుడు పోయిన ఆడమనిషికో కుప్ప. ఒకడు కుప్పలకు వీపు పెట్టి సముద్రం వైపు నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇదెవరికి?" అంటాడు. వీపు పెట్టినవాడు చూడకుండా పేరు చెబుతాడు. పంచినవాడు ఆఖరున మిగిలింది తీసుకోవాలి. ఆ ఊరి మనిషిగా సాక్ష్యం చెప్పింది పోలమ్మ. ఆ సాక్ష్యమే తూనికకు నూరు.

ఊరు మునిగిన రోజు రెండు పడవలు బయలుదేరాయి. పోలమ్మ ఎక్కింది తూర్పుకు పోయింది. చెల్లెలు నూకరత్నం ఎక్కింది దక్షిణానికి పోయింది. మొదట్లో వారధి మీద రాకపోకలుండేవి. మూసేసిన సాయంత్రం నూకరత్నం కమ్మీల అవతల నుంచి "రేపొస్తానే అప్పా" అని అరిచి వెళ్ళింది. అప్పటినుంచి ఎవరు "రేపొస్తాను" అన్నా పోలమ్మ నమ్మదు. వీధి చివరికి వెళ్ళే మనిషిని కూడా కనుమరుగయ్యేదాకా చూస్తుంది.

"ఈ ఏడూ ఇరవై రెండే తేడా," అన్నాడు డాక్టర్ మార్తాండ. భవనానికి పెద్ద ఆయనే. "ముందస్తు లెక్క చూశాను. నాకూ బాధగానే ఉంది పోలమ్మగారూ."

"మీ బాధ మీ దగ్గరుంచుకోండి బాబూ. నాను సాచ్చికం మార్సాల."

మార్తాండ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "నమూనా సాక్ష్యమా?"

"బతికున్న సాచ్చి నోటితో సెప్తే మార్సొచ్చని మీరే కదా రాసుకున్నారు. నానింకా సావలేదు."

"నూరు కదిలితే ప్రపంచంలో ప్రతి అంకె కదులుతుంది! ఏ దేశం ఊరుకుంటుంది? మీ ఫోటో పీకేస్తారు. అబద్ధపు సాక్షి అంటారు."

"అబద్దమే కదా మరి! ముప్పయ్యేళ్ళు నా అబద్దం మీద దేశాలకి దేశాలు గోడలు కట్టుకున్నాయి. ఫొటో పీకితే అక్కడ కేలండర్ ఎట్టుకోండి, పనికొస్తాది."

పోలమ్మ కొంగు నడుముకు బిగించి తూనిక ముందు కూర్చుంది.

"చెప్పండి పోలమ్మగారూ," అంది తూనిక. దాని గొంతు మెత్తగా, తొందర లేకుండా ఉంటుంది.

"ఏటే, నీకు నానో సేప దాసేసినాను."

"ఎక్కడ?"

"మాటల్లో. ఇను. నాకు తొమ్మిదేళ్ళు. నూకరత్నానికి జొరం. పదిరోజుల్నించి ముద్ద దిగట్లేదు. ఆ పొద్దు పంచేది మా నాయిన. అమ్మ ఒంగినట్టు ఒంగి కుప్పలోంచి ఒక వంజరం కుచ్చిళ్ళలో దోపీసింది. నాయిన సూసినాడు, మొకం తిప్పుకున్నాడు. ఊరంతా సూసింది. ఒక్కడు నోరిప్పలేదు. నీకీ ముక్క సెప్తే మా ఊరు దొంగల ఊరని రాసుకుంటావని బయపడినాను. మా ఊరు నూరుగా ఉండాలని నాకు ఆశ."

మార్తాండ తూనిక దగ్గరికి వచ్చాడు.

"మీ సాక్ష్యంలో దాచడం అనేది లేదు," అంది తూనిక. "అందుకే ఎక్కడ దాపరికం కనబడినా అది కొలతలోకి రాదని, రొద అని పక్కన పెట్టాను. నమూనా ఊళ్ళోనే దాపరికం ఉంటే, అది రొద కాదు. అదీ కొలవాలి. పక్కన పెట్టినవి నాలుగువందల కోట్లున్నాయి. లెక్కలోకి తీసుకోమంటారా?"

"వద్దు," అన్నాడు మార్తాండ.

"తీసుకోయే," అంది పోలమ్మ. "దాసుకున్నోడినీ రాయి, దాసి పెట్టినోడినీ రాయి. సూసి ఊరుకున్నోడిని మరిసిపోకు. అదీ పంపకమే."

తూనిక సాక్షి మాటే విని, పక్కన పెట్టినవన్నీ లెక్కలోకి తీసుకుంది. తూర్పు గణతంత్రంలో ఉమ్మడి గిడ్డంగుల పెద్దలు తమ ఇళ్ళకు పక్కదారిన పంపుకున్న మంచి బియ్యం బయటికొచ్చింది. ఉమ్మడి వంటశాలలో కావలసినవాళ్ళకు అడుగునుంచి తోడిన కూర బయటికొచ్చింది. దక్షిణ సమాఖ్యలో అడ్డూ అదుపూ లేని సొంత ఆస్తుల మధ్య, ఇరుగుపొరుగు గుట్టుగా గోడ మీంచి అందించుకున్న గిన్నెలు వచ్చాయి. పనిలోంచి తీసేసిన వాడి పిల్లలకు పాఠం ఆపని పంతుళ్ళు వచ్చారు. పైకి పంచుకునే దేశం లోపల దాచుకుంది. పైకి దాచుకునే దేశం లోపల పంచుకుంది.

గోడ మీద అంకెలు తిరిగి తిరిగి ఆగాయి. తూర్పు గణతంత్రం డెబ్బై. దక్షిణ సమాఖ్య డెబ్బై రెండు.

తూనిక చదివిన అంకాన్ని ఏ ప్రభుత్వమూ కాదనకూడదన్నది మొదటి నియమం. మార్తాండ కుర్చీలో కూలబడ్డాడు. "ఏం చేశారో తెలుసా మీరు?"

"తలుపు తీసినాను," అంది పోలమ్మ, చెప్పులు తొడుక్కుంటూ.

మధ్యాహ్నానికి వారధి గేట్లు కిర్రుమంటూ విడిపోయాయి. తుప్పు రాలింది. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు పరుగెత్తారు. పోలమ్మ పరుగెత్తలేదు. చెల్లెలు రాకపోతే ఎలా అన్న భయంతో కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎంతో సేపటికి నెరిసిన తల, కుంటి నడక, చంకలో ఆకు పొట్లంతో ఒక మనిషి వచ్చి ఎదురుగా ఆగింది.

"రేపొస్తానన్నావు," అంది పోలమ్మ.

"వారధి మూసీసింది మీవోళ్ళే!" అంది నూకరత్నం. కళ్ళ నిండా నీళ్ళు. వాటిని తుడుచుకోకుండానే గడ్డం ఎత్తింది. "అది సర్లే గానీ అప్పా, మీది డెబ్బయ్యట. మాది డెబ్బై రెండు. మేమే ఎక్కువే!"

పోలమ్మకు నవ్వొచ్చింది. నిన్నటిదాకా తక్కువ వచ్చిందని ఊరేగిన దేశం! వెనక్కి తిరిగి చూస్తే వారధి పొడుగునా కౌగిలింతల మధ్య అదే గోల. "మీదెంత?" "రెండు తక్కువా, పాపం!" గేటు దగ్గర ఒక తూర్పు గణతంత్రం ఉద్యోగి అప్పుడే ఎవరితోనో, తూనికకు దశాంశాలు కూడా పెట్టించాలని వాదిస్తున్నాడు.

"నవ్వుతావేటే?" అంది నూకరత్నం.

"నిన్ను సూసే."

స్తంభం నీడలో కూర్చున్నారు. నూకరత్నం పొట్లం విప్పింది. వేయించిన వంజరం. చేత్తో రెండు ముక్కలు చేసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పోలమ్మ అడక్కుండానే వీపు పెట్టి సముద్రం వైపు తిరిగింది.

"ఇదెవరికే?" అంది నూకరత్నం.

పెద్ద ముక్క మీద చెయ్యి పెట్టినప్పుడు నూకరత్నం గొంతు కాస్త సాగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడూ సాగింది. పోలమ్మకు తెలుసు. పోలమ్మకు తెలుసునని నూకరత్నానికీ తెలుసు.

"నీకే," అంది పోలమ్మ.

స్తంభం మీద తూనిక కన్ను మెల్లగా ఇటు తిరిగి, ఎర్రగా వెలిగింది. పోలమ్మ తలెత్తి ఆ కంటిలోకే చూసింది.

"సూత్తావేటి? రాసుకో," అంది.