పడవకి దొరికిన చెక్క

పాత పడవకి చెక్క వెతకడం ఎంత విసుగో వడ్రంగిని కట్టుకున్నాక గాని నాకు తెలియలేదు. బ్రాడీపేటలో శశిభూషణ్ గారని ఒక పళ్ల డాక్టరు, ఎక్కడో పాడుబడ్డ చిన్న మోటారు పడవని కొని తెచ్చాడు. అరవై ఏళ్ల నాటిదట. ఇంజను బాగు చేయించాడు, పైన రంగు వేయించాడు. లోపల మాత్రం కూర్చునే బల్ల లేదు, పక్క పలకలు లేవు. కొత్త చెక్క వేస్తే పడవ పరువు పోతుందట. అప్పటి టేకే కావాలట. ఆయన అడిగాడు, మా ఆయన తోమా సరేనన్నాడు. అంతే, వానాకాలం నుంచి పాతిళ్ల కలప అమ్మే దుకాణాల చుట్టూ మా తిరుగుడు మొదలైంది. నల్లపాడులో లేదు, చీరాలలో లేదు. ఒంటరిగా పంపితే తిండి మానేసి తిరుగుతాడని నేనూ వెంటపడేదాన్ని. ఇద్దరికీ నడుములు పడిపోయాయి.

చివరికి మిరపకోతల రోజుల్లో, వినుకొండ అవతల ఒక పల్లెలో దొరికింది. చర్చి వెనక గదిలో ఉన్న శవాల పెట్టె. ఊళ్లో ఎవరు పోయినా సమాధుల దొడ్డి దాకా అందులోనే మోసుకెళ్లి, మనిషిని దించి, పెట్టెని వెనక్కి తెచ్చేవాళ్లు. ఇప్పుడు ఎవరికి వాళ్లు కొత్త పెట్టె కొనుక్కుంటున్నారు గనక అది దుమ్ము పట్టి పడి ఉంది. తోమా దాని పక్కలు చేత్తో నిమిరాడు.

"శవప్పెట్టెకి ఈ వంపెందుకు జయా? ఇది పడవ చెక్కే. మరమేకులు దిగిన గుంతలు చూడు."

నిజమే. సాగర్ కాలవ మీద ఆఫీసర్లు తిరిగిన పడవని విప్పి, ఆ చెక్కతో చేశారని సంఘపెద్ద సాల్మన్ గారు చెప్పారు. పట్టుకుపొమ్మన్నారు. కాకపోతే లోపల ఒక గడ్డిబొమ్మని పడుకోబెట్టించారు. దానికి చొక్కా కూడా తొడిగించారు.

"ఈ పెట్టె ఖాళీగా ఊరు దాటకూడదు. ఇంటికెళ్లాక బొమ్మని పాతిపెట్టండి. మర్చిపోకండేం."

తోమా నవ్వు ఆపుకున్నాడు. నేనూ ఆపుకున్నాను, అబద్ధమెందుకు.

హయాత్ అనే అతని ట్రాలీ ఆటోలో పెట్టెని ఎక్కించి, దాని పక్కనే మేమిద్దరం కూర్చున్నాం. కొంత దూరం పోయాక తోమా ఇక కూర్చోలేకపోయాడు. బొమ్మని లేపి నా పక్కన కూర్చోబెట్టి, తను పెట్టెలో వాలాడు.

"ఖాళీగా పోకూడదన్నారుగా. నేనున్నాను."

వద్దనే ఓపిక నాకూ లేదు. ఆయనకి కాస్త నిద్ర దొరికితే చాలనుకున్నాను.

పొద్దు గుంకింది. రెండు పక్కలా పత్తి చేలు మసకబారాయి. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గొంతుకి తగులుతోంది. దాని అడుగున ఇంకో వాసన... తడి మట్టి వాసన. వాన పడి నెలలైంది.

రైల్వే గేటు పడింది. హయాత్ ఇంజను ఆపాడు. కోతల నుంచి వస్తున్న కూలీలు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పెట్టెని చూసి మగవాళ్లు తలపాగాలు తీశారు. ఒక ముసలామె దగ్గరికొచ్చింది.

"ఏ ఊరమ్మా?" అంది గుసగుసగా.

"గుంటూరండీ. ఎవరూ పోలేదు. మా ఆయన... అలిసి పడుకున్నాడు."

"అలిసిపోయాడు పాపం."

వంగింది. పిడికెడు మట్టి తీసి పెట్టెలో వేసింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు... వరసగా వచ్చారు.

"బతికే ఉన్నాడండీ!" అని అరిచాను.

ఎవరూ తలెత్తలేదు. ఆయన గుండె మీద నల్లమట్టి. మెడ మీద. ముఖం మీద... ఆయన కదల్లేదు. భుజం పట్టి కుదిపాను. బరువు... రాయంత బరువు.

"ఏవండీ... లెండి... ఏవండీ..."

రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. ఆయన కళ్లు తెరిచి, "వచ్చేశామా?" అన్నాడు. నేను భోరుమన్నాను.

ఇంటికి రాగానే బొమ్మని పెరట్లో నేనే పాతిపెట్టాను. మర్నాడు తోమా పెట్టెని విప్పి పలకలు పట్టుకెళ్లాడు. చిత్రిక పట్టకుండానే పడవలో అతికినట్టు సరిపోయాయి. డాక్టరు గారు మురిసిపోయారు. పని ముగించి వచ్చి పడుకున్న మా ఆయన మాత్రం మళ్లీ మంచం దిగలేదు. జ్వరం లేదు. పరీక్షల్లో ఏమీ లేదన్నారు. రోజూ పొద్దున్నే పక్క దులిపితే నల్లమట్టి రాలుతుంది.

భయం పట్టలేక సాల్మన్ గారికి ఫోన్ చేశాను. బొమ్మని పాతానని చెప్పాను.

"దారంతా పెట్టెలో బొమ్మే ఉందా అమ్మా?"

ఫోన్ పెట్టేశాను.

ఈ రోజు పక్క మీద మట్టి లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. జావ కాచి తెచ్చి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన మెల్లగా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"బరువుగా ఉంది జయా. అందరూ వేసేశారు."

"ఎవరండీ?"

"ఇంక నువ్వొక్కదానివే మిగిలావట. నీ కోసం ఆగారు..."

చెంచా తీసుకోబోయాను. నా కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది. ఎప్పుడు మూశానో తెలియదు. లోపల చల్లగా, తడిగా తగులుతోంది.

మధ్యాహ్నం దాటింది. ఇంకా విప్పలేదు. అన్నం ఎడం చేత్తోనే వండాను.