ఎంత పడింది?

2068 నాటికి కాకినాడలో ‘ఆ గేమ్ బాగుందా?’ అని అడిగేవాళ్ళు కరువయ్యారు. టిఫిన్ సెంటర్లో పెసరట్టు కోసం నిలబడ్డవాళ్ళు, సముద్రపు గోడ మీద పొద్దున్నే నడిచేవాళ్ళు, అందరిదీ ఒకటే మాట: ‘నీడలు ఏమన్నాయి?’ నీడలు పూర్తి ధర ఇవ్వొచ్చంటే విడుదలైన రోజే కొనేస్తారు. ఆగమంటే ఆర్నెల్లు ఆగి సగం ధరకు కొంటారు. సొంత బుద్ధితో కొన్నవాణ్ణి కాస్త జాలిగా చూస్తారు.

అంతకుముందు ఇలా ఉండేది కాదు. సమీక్షలు రాసేవాళ్ళు కంపెనీల కానుకలు పుచ్చుకుని పొగిడేవారు. స్నేహితులు మరీ ప్రమాదం. తాము మోసపోయిన ఆటను పదిమందికీ అంటగడితేగాని వాళ్ళకు నిద్ర పట్టేది కాదు. మనిషి మాటను నమ్మలేమని తేలిపోయాక డాక్టర్ కందాళ హవీష్ నీడయంత్రాన్ని కనిపెట్టాడు.

ఇంజనీర్లు దాన్ని ఎక్స్‌పీరియన్స్ సిమ్యులేటర్ అంటారు. ముందుగా ఇరవై ఒక్క రోజులు మణికట్టుకు పల్చటి పట్టీ ఒకటి కట్టుకోవాలి. గుండె ఎక్కడ వేగం పుంజుకుంది, రెప్ప ఎక్కడ వాలింది, మనసు ఎక్కడ ఆట వదిలేసి వంటింట్లోకి పారిపోయింది, అన్నీ ఆ పట్టీ రాసుకుంటుంది. ఆ రాతలోంచి ఆ మనిషి ‘నీడ’ తయారవుతుంది. అంటే ఆ మనిషి ఇష్టాలు, విసుగులు, చివరికి మాటతీరు కూడా ఉన్న గణిత నమూనా అన్నమాట. అరవై గంటల ఆటను నీడ పదకొండు నిమిషాల్లో ఆడేస్తుంది. చివర్లో యంత్రం దాన్ని ఒక్క ప్రశ్న అడుగుతుంది: ‘పూర్తి ధర ఇవ్వొచ్చా?’ ఊళ్ళో రకరకాల మనుషుల్లోంచి ఏరిన రెండువందల పన్నెండు నీడలు చెప్పినదాన్ని బట్టి ఆట మీద ముద్ర పడుతుంది.

ముద్ర కింద ఒక మనిషి సంతకం ఉండి తీరాలని చట్టం. ఆటల పరీక్షా కేంద్రంలో ఆ మనిషి పులపర్తి జోషిత. యాభై ఒక్కేళ్ళ ఈ పరీక్షాధికారి సొరకాయకు గోరు గుచ్చి చూడకుండా కొనదు. నాలుగేళ్ళలో యాభై మూడు ఆటలు స్వయంగా ఆడి, యాభై మూడింటికీ యంత్రం మాటకు అడ్డం రాసింది. విసిగిపోయిన కేంద్రం బోర్డు ఈసారి ఒక కాగితం పంపింది. కొత్తగా వచ్చిన ‘మునిగిన రేవు’ విషయంలో యంత్రం పొరపాటు చేసిందని సాయంత్రం ఐదులోగా ఆధారం చూపించాలి. చూపించలేకపోతే వచ్చే నెల నుంచి మనిషి సంతకం అక్కర్లేదు. అంటే జోషిత అక్కర్లేదు.

‘మునిగిన రేవు’ సాహస ఆట. సముద్రం మింగేసిన పాత ఓడరేవులో ఒక ఈతగత్తె దొంగలతో పోరాడుతూ, తప్పిపోయిన అన్నను వెతుక్కుంటుంది. ధర పదహారు వేలు. తొమ్మిది రోజులు ఆడిన జోషిత, గుహలు మరీ సాగదీశారనీ, సగం ధర చాలనీ రాసిపెట్టుకుంది. నీడలు మాత్రం రెండువందల పన్నెండుకు రెండువందల పన్నెండూ ‘ఇవ్వొచ్చు’ అన్నాయి.

అక్కడే ఆమెకు అనుమానం వచ్చింది. కాకినాడలో అంతమంది పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఒక్క మాట మీద ఉండరు. హవీష్ ఆ కంపెనీ దగ్గర ఏదో పుచ్చుకునే ఉంటాడని తీర్మానించుకుని, పదింటికల్లా అతని ప్రయోగశాలలో కూర్చుంది.

“డాక్టరు గారూ, నీడ ఆడేది పదకొండు నిమిషాలు. మీరు పంపిన రికార్డేమో పది నిమిషాల ఇరవై సెకన్లే ఉంది. మిగతా నలభై సెకన్లు ఏమైనట్టు?”

హవీష్ కళ్ళజోడు తీసి తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయని జోషిత గమనించింది.

“అదాండీ? ఊసుపోక మాటలండి. వడపోతలో పోతాయి. నీడ కూడా మనిషి లాంటిదే కదండి. కాస్త దగ్గుద్ది, కాస్త గొణుగుద్ది.”

“ఆ దగ్గు సరిగ్గా తీర్పుకు ముందే వస్తుందేం? అన్నిటికీనా?”

“మేడం, మీరు నన్ను దొంగని చూసినట్టు చూస్తన్నారండి.”

“అలాగే చూస్తున్నాను. వడపోత తీసేసి వినిపించండి.”

అతను కాసేపు నసిగాడు. సిబ్బంది లేరన్నాడు, సర్వర్ బిజీ అన్నాడు. ఒక్కో సాకుకూ ఆమె అనుమానం మరింత బలపడింది. చివరికి అతనే వడపోత ఆపి, జగన్నాథపురంలో ఐస్ ఫ్యాక్టరీ నడిపే ఒక పెద్దాయన నీడను వినిపించాడు.

“పూర్తి ధర ఇవ్వొచ్చా?” అంది యంత్రం.

“ఎంత పడిందండి?” అంది నీడ.

“పదహారు వేలు. మీ డబ్బే.”

ఆ అంకె విన్నాక పెద్దాయన గొంతు హుషారుగా పలికింది. “ఇవ్వొచ్చండి! ఆ నీళ్ళ పనితనం చూశారా? గుహలంటారా, నిదానంగా ఆడితే అదో అందవండి.”

తరవాతి నీడ రామారావుపేటలో ఉండే ఒక లెక్చరరుది. ఆవిడా ‘ఎంత పడింది?’ అంది. జవాబు విన్నాక కాసేపు ఆగి, ఇవ్వొచ్చంది. భోజనం వేళకు నలభై నీడల్ని విన్నారు. నలభైదీ అదే వరస.

“ఇది ప్రశ్న కదండీ! దీన్ని చెత్తలో ఎలా పడేశారు?” అంది జోషిత.

“ప్రశ్నేంటండి, పలకరింపు!” అన్నాడు హవీష్ తెల్లబోయి. “చీర చూపించినా, ఫోను చూపించినా మనోళ్ళు ముందు అదే అంటారు కదండి. మా టీంలో పద్నాలుగు మందిమండి, అందరం ఈ చుట్టుపక్కలోళ్ళమే. ఒక్కడికీ అది ప్రశ్నలా వినపళ్ళేదు. ఒట్టండి.”

అతను అబద్ధమాడటం లేదని జోషితకు అర్థమైంది. అర్థమైనందుకు కొంచెం నిరాశ కూడా కలిగింది. లంచం దొరికి ఉంటే పని ఇంకా తేలికయ్యేది.

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు మరి. మనలో ఎవరైనా కొత్త చీర చూపిస్తే, బాగుందో లేదో వెంటనే చెప్పేస్తామా? కొంగు రెండు వేళ్ళతో నలిపి, ఎంత పడిందని అడిగి, ఆ అంకె విన్నాక కదా మనకు రంగు కనిపించడం మొదలయ్యేది! పద్నాలుగు మంది ఇంజనీర్లు నీడలకు ఊరి మనసును ఉన్నదున్నట్టు ఎక్కించారు. ఆ ఊరి మనసు తమలోనూ ఉందన్న సంగతే మరిచిపోయారు.

“ఈసారి ఆట ఊరికే వచ్చిందని చెప్పి అడగండి,” అంది జోషిత.

“ఊరికేనా?” అంది ఐస్ ఫ్యాక్టరీ పెద్దాయన నీడ. “ఊరికే అయితే బ్రహ్మాండం. డబ్బులెట్టి మాత్రం కొనకండేం. గుహల్లో ప్రాణం విసిగిపోద్ది.”

మిగతావీ ఇంచుమించు అదే మాట అన్నాయి. మూడోసారి అసలు ధరే చెప్పొద్దంది జోషిత. అప్పుడు రెండువందల పన్నెండు నీడలూ ‘ఎంత పడింది?’ అని అడిగి, జవాబు రాకపోయేసరికి మళ్ళీ మళ్ళీ అదే అడగడం మొదలుపెట్టాయి. పెద్దాయన నీడకు కోపం కూడా వచ్చింది. “ఎంత పడిందో చెప్పకుండా ఎలా ఉందో చెప్పమంటే ఎలాగండి?”

హవీష్ కుర్చీలో కూలబడ్డాడు. పన్నెండేళ్ళు కష్టపడి అతను కట్టిన యంత్రం ఆట విలువను ఒక్కసారి కూడా కొలవలేదు. డబ్బు పెట్టినవాడు తను మోసపోలేదని ఎలా సర్దిచెప్పుకుంటాడో, అది మాత్రం చాలా కచ్చితంగా కొలిచింది. పెట్టిన డబ్బు ఎక్కువైతే ఇవ్వొచ్చంది, సర్దిచెప్పుకోనక్కర్లేనంత తక్కువైతే ఆగమంది. జోషితకు అతని మీద జాలి కలగలేదు. గెలిచానన్న సంతోషంతో ఆమెకు ఆకలి కూడా వెయ్యలేదు. మూడున్నరకు నివేదిక రాయడం మొదలుపెట్టింది.

“ఒక్క మాటండి,” అన్నాడు హవీష్ నెమ్మదిగా. “మీరు సగం ధర చాలని రాశారు కదా. మీరూ మనిషే కదండి. ఆ మాట మాత్రం ఎలా నమ్మడం?”

“నాకు ధరతో పనేముంది? నేనాడింది ఆఫీసు కాపీ.”

“ఉద్యోగంలో చేరినప్పుడు మీ నీడ కూడా తీశారండి. ఏటా కొత్త పట్టీతో సరిచేస్తన్నారు కూడా. అడుగుదామా?”

జోషిత వెంటనే ఒప్పుకోలేదు. తన నీడను అతను మార్చి ఉంటాడేమోనని ఫైలు తెరిపించి, డిజిటల్ సీలు, తేదీ, తను పెట్టిన సంతకం రెండుసార్లు సరిచూసుకుంది. ఎక్కడా చెయ్యి పడినట్టు లేదు. కానివ్వమంది.

నీడ ఆట మొదలుపెట్టింది. తెర మీద దాని మనసు ఒక గీతలా కదులుతోంది. గుహల దగ్గర గీత కిందికి వాలింది. చూశారా అన్నట్టు జోషిత తల ఎగరేసింది. తరవాత నీళ్ళలో మునిగిన లైట్‌హౌస్ వచ్చింది. ఈతగత్తె చీకట్లో మెట్లు తడుముకుంటూ ఎక్కుతుంటే, పైనుంచి అన్న గొంతు వినిపించే ఘట్టం. అక్కడ గీత రివ్వున పైకి లేచి చాలాసేపు దిగలేదు. ఆ ఘట్టం ఆడిన రోజు తన టీ చల్లారిపోవడం, నోటుబుక్కులో రెండు గంటలపాటు ఒక్క అక్షరం పడకపోవడం జోషితకు గుర్తుంది. ఆ సంగతి ఆమె ఎక్కడా రాయలేదు.

“పూర్తి ధర ఇవ్వొచ్చా?” అంది యంత్రం.

నీడ ధర అడగలేదు. జోషిత గొంతుతోనే, జోషిత నొక్కే చోటే నొక్కి అడిగింది. “ముందు యంత్రం ఏమందో చెప్పండి.”

“ఇవ్వొచ్చంది.”

“అయితే వద్దు. ఆర్నెల్లు ఆగమనండి.”

జోషిత పెదవులు తడుపుకుంది. “యంత్రం ఆగమందని చెప్పి చూడండి,” అంది, తనకే వినపడనంత చిన్నగా.

“ఆగడమెందుకూ?” అంది నీడ. “ఆ లైట్‌హౌస్ ఒక్కటి చాలదూ? శుభ్రంగా పూర్తి ధర ఇవ్వొచ్చు.”

జోషితకు సిగ్గేసింది. ఒకరు తన పర్సు తెరిచి, అందులో ఉన్నవన్నీ నలుగురి ముందూ బల్ల మీద పరిచినంత సిగ్గు. యాభై మూడు ఆటలు, యాభై మూడు అడ్డాలు. ఆ అడ్డాలన్నీ నిజాయితీ అనుకుంది ఇన్నాళ్ళూ. యంత్రం అవునంటే తను కాదనకపోతే తన కుర్చీ ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనన్న భయం అందులో ఎంత ఉందో ఇప్పుడు తెలిసింది. ఆ ఆటలు చేసినవాళ్ళు ఎవరో, ఎన్నేళ్ళు కూర్చుని చేశారో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

హవీష్‌కు తప్పించుకునే దారి దొరికిందని, ఈ సంగతి బోర్డుకు చెప్పి తనను ఇంటికి పంపిస్తాడని భయపడి ఆమె అతని చేతుల వంకే చూసింది. అతనూ ఆమె చేతుల వంకే చూస్తున్నాడు. ఆమె నీడ సంగతి దాచి, యంత్రం తప్పు ఒక్కటే రాస్తుందని అతని భయం.

నాలుగున్నరకు జోషిత తను రాసిన కాగితాన్ని చింపేసి, కొత్తది తీసుకుంది. రెండువందల పన్నెండు నీడలు అడిగింది రాసింది. రెండువందల పదమూడోది అడిగిందీ రాసింది. ఈ యంత్రం తీర్పు, ఈ పరీక్షాధికారి తీర్పు, రెండూ నమ్మదగినవి కావనీ, పాత యాభై మూడు ముద్రలూ మళ్ళీ చూడాలనీ రాసి సంతకం పెట్టింది. లైట్‌హౌస్ ఘట్టం తనకు చాలా నచ్చిందని అడుగున ఒక వాక్యం చేర్చింది.

హవీష్ ఆ కాగితం తీసుకుని మొదటి నుంచీ చివరిదాకా చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. మళ్ళీ మొదటి నుంచీ చదివాడు.

“మేడం,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇది పైకెళ్తే నా యంత్రవూ పోద్ది, మీ ఉద్యోగవూ పోద్ది. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం, నిజం చెప్పండి. ఇందులో మీకేంటండి లాభం?”

“ఏమీ లేదు,” అనబోయి జోషిత ఆగిపోయింది. ఏదో ఒకటి ఉండే ఉంటుందని ఆమెకూ అనుమానం వచ్చింది.