రెబ్కా గాట్లు పెట్టిన కర్ర

మిరప చేలల్లో నీళ్ల ఇంజన్లు బాగుచేసే మెకానిక్‌ని నేను. 1986లో బ్రాడీపేట షాపు యజమాని నన్ను నిజాంపట్నం పంపి, జక్రయ్య గారి తెరచాప పడవకు డీజిల్ ఇంజను బిగించి రమ్మన్నాడు. సముద్రాన్ని చూడటం అదే మొదలు. జక్రయ్య గారి అమ్మాయి రెబ్కాని చూడటమూ అప్పుడే.

"మీ ఇంజను ఎంత తాగుద్దండీ?" అంది ఒడ్డున నిలబడి.

"గంటకి లీటరున్నర."

"చూసి చెప్తున్నారా, చదివి చెప్తున్నారా?"

"చదివే," అన్నాను. ఆమె ముందు అబద్ధం నోటికి రాలేదు.

"మా తెరచాప ఏమీ తాగదు లెండి," అని నవ్వింది.

జక్రయ్య గారికి చదువు రాదు. ట్యాంకులో ముంచి చూసుకునేందుకు ఒక వెదురు కర్ర తయారుచేద్దామంది రెబ్కా. నేను ఇంజను నడపాలి. గంట గంటకీ ఆమె కర్ర ముంచి, తడి ఉన్నచోట గాటు పెట్టాలి. ఎన్ని గాట్లు తడిస్తే అన్ని గంటల ఆయిలు ఉన్నట్టు.

ముగ్గురం బయల్దేరాం. సన్నగా తుంపర పడుతోంది. వోణీ తలమీదకు లాక్కుని రెబ్కా నా పక్కన కూర్చుంది. నేను ఇంజను వేగం తగ్గించాను.

"ఇంత నెమ్మదేంటి అబ్బాయ్?" అన్నారు ముందు కూర్చున్న జక్రయ్య గారు.

"కొత్త ఇంజనండి. నెమ్మదిగానే నడపాలి."

ఈసారి అబద్ధం సులువుగా వచ్చింది. అలా అయిదు గంటలు తిరిగాం. అయిదు గాట్లు పడ్డాయి.

కర్ర ఉందన్న ధీమాతో జక్రయ్య గారు తెరచాప ఒడ్డున పడేశారు. ఆయన భార్య పుల్లమ్మ గారు నాకు చేపల పులుసు వడ్డిస్తూ, "మీ పెద్దోళ్లని రమ్మను బాబూ, పాస్టరు గారితో మాట్లాడదాం," అన్నారు. రెబ్కా తలుపు చాటున నవ్వింది.

మరుసటి వారం జక్రయ్య గారు వేటలో ఉండగా ఈశాన్యపు గాలి లేచింది. ఎదురుగాలిలో ఇంజను ఫుల్లుగా తిప్పాలి. అప్పుడది రెట్టింపు తాగుతుంది.

తోడు వెళ్లిన సిలార్ ఒక్కడే ఈదుకుంటూ వచ్చాడు. "రెండు గాట్లు తడిసినయ్, ఒడ్డు చేరతాం అన్నాడు. గంటకే ఆగిపోయింది. అల తిరగేసింది," అన్నాడు. జక్రయ్య గారు దొరకలేదు.

రెబ్కా అన్నం మానేసింది. "గాట్లు నేనే తప్పు పెట్టా," అని ఒకటే మాట.

"నువ్వే సర్దిచెప్పు బాబూ," అన్నారు పుల్లమ్మ గారు. "పెళ్లయితే కాస్త తేరుకుంటది."

నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పెళ్లి కూడా అయిపోతుంది. రెండు రోజులు ఆ ఆశతోనే గడిపాను, సిగ్గు లేకుండా. మూడోరోజు ఆమె ఒడ్డున తెరచాప పక్కన కర్ర పట్టుకుని కూర్చుని ఉంటే, వెళ్లి చెప్పేశాను.

"గాట్లు సరిగ్గానే పెట్టావు రెబ్కా. ఇంజను నేనే నెమ్మదిగా నడిపాను, అందుకే ఆరోజు తక్కువ తాగింది."

"కొత్త ఇంజనన్నారుగా."

"దానికి ఒక గంట చాలు. మిగతా నాలుగు గంటలు, నువ్వు పక్కన ఉన్నావని. ఒడ్డు తొందరగా రాకూడదని."

ఆమె కర్ర మీది గాట్లు ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"ఆ మాట పడవలోనే చెప్పాల్సిందండి," అంది చివరికి. "నాన్న ఎదురుగానే ఉన్నాడు. కాదనేవాడు కాదు. ఫుల్లుగా నడుపుకుంటా ఇంటికొచ్చేవాళ్లం."

కర్ర నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నన్ను ఇక రావద్దని ఆమె అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

మర్నాడు పొద్దున రేపల్లె బస్సు దగ్గర సిలార్ కనిపించాడు. రాత్రి రెబ్కా అన్నం తిన్నదని చెప్పాడు.