అద్దె నడక

పదింటికి ఇంకా నాలుగు నిమిషాలుందనగా సహస్ర పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, హాలు మధ్యలోకొచ్చి నిలబడింది. లోహిత్ అప్పటికే అక్కడ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఏ గోడకీ మూరెడు దూరంలోపల ఇద్దరిలో ఒక్కరూ లేరు. పదకొండేళ్లుగా రోజూ ఇదే తంతు. దీనికి ఆదివారం లేదు, పండగ లేదు, ఒంట్లో బాగోకపోవడం అసలే లేదు.

సరిగ్గా పదింటికి పైకప్పు మూలనున్న ఇంటికన్ను తెరుచుకుంది. నీలంగా ఒక వెలుగు గీత ఉత్తరపు గోడ మీద మొదలై, నేలంతా పాకి, వంటగదిలోకి దూరి, బాత్‌రూము దాకా వెళ్లొచ్చింది. వాళ్లు ఈ ఇంట్లో దిగిన రోజున గోడలూ నేలా ఎలా ఉన్నాయో ఆ బొమ్మ దాని దగ్గర భద్రంగా ఉంది. దాన్ని తొలిరూపు అంటారు. తొలిరూపునీ ఇవాళ్టి ఇంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, కొత్తగా కనబడ్డ ప్రతిదాన్నీ అది తేడా అంటుంది. మేకు దిగినా తేడాయే, పోపు పొగ పట్టినా తేడాయే. మనుషులు పదకొండేళ్లు బతికిన ఇల్లు మారకుండా ఎలా ఉంటుందని ఎవరైనా అడగొచ్చు. అడిగారు కూడా. అడిగినవాళ్లు ఇప్పుడు ఈ భవనంలో లేరు.

"ఆయ్, ఒక తేడా ఉందండి," అంది ఇంటికన్ను. కాకినాడ ఇళ్ల కోసమని దానికి ప్రత్యేకంగా మర్యాద నేర్పించారు. "బాత్‌రూము బయటి గోడండి. నేలకి మూడడుగుల ఎత్తున అరచెయ్యండి, అయిదు వేళ్లూ పడ్డాయండి. అర మార్కు తగ్గిందండి."

వారంలో ఇది మూడోసారి. సహస్ర మొగుడి వంక చూసింది. ఆయన తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు, అవి ఎవరివో తెలియనట్టు.

"మీ చెయ్యి ఊరుకోదా?" అంది సహస్ర. "గోడ లేకపోతే నడవలేరా?"

అలవాటులో పడి ఉంటుందనీ, ఇక పెట్టననీ లోహిత్ చెప్పాడు. ఆవిడ గోడపొడీ గుడ్డా తెచ్చి ఆ మరకని అద్ది అద్ది తీసింది. తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే తుడిచిన జాడ కనబడుతుంది, అదింకో తేడా. పదిలోపు తీసేసిన మరకకి శిక్ష లేదు. పది తర్వాత తీసినదానికి పోయిన మార్కు పోయినట్టే.

ఆయనకి డెబ్భై ఒకటి, ఆవిడకి అరవై ఆరు. వాళ్లు పుట్టిన రోజుల్లో ఏ వీధిలో చూసినా సహస్రలూ లోహిత్‌లే. ఇప్పుడా పేర్లు వింటే పిల్లలు నవ్వుతున్నారు. కింది అంతస్తులో ఉండే సీతాలు కిందటేడు కూతురికి వెంకాయమ్మ అని పేరు పెట్టుకుంది. అది ఇప్పటి ఫ్యాషను.

వాళ్ల మార్కులు అరవై ఒకటిన్నర. నలభై రోజుల్లో అద్దె పొడిగించాలా వద్దా అన్నది తేలుతుంది. ఆ రోజున అరవైకి తగ్గితే ఈ ఇల్లే కాదు, ఊళ్లో నమోదైన ఏ ఇంటి తలుపూ వాళ్లకి తెరుచుకోదు. కుర్రవాళ్లయితే వేరే ఊరు చూసుకుంటారు. అరవై అయిదు దాటినవాళ్లని పెద్దల వసతికి పంపిస్తారు, అక్కడ మగవాళ్ల వరస వేరు, ఆడవాళ్ల వరస వేరు. ఆరో అంతస్తులో ఉండిన ప్రణవి గారినీ ఆవిడ భర్తనీ కిందటేడు అలాగే పంపించారు. సహస్ర ఒకసారి చూడ్డానికి వెళ్లింది. నలభై నాలుగేళ్లు ఒకే మంచం మీద పడుకున్నవాళ్లు, సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా మధ్య హాల్లో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, ఏం తిన్నావంటే ఏం తిన్నావని ఒకరినొకరు అడుగుతున్నారు. ఆ రోజు తిరిగొచ్చిన దగ్గర్నుంచీ సహస్రకి గోడలంటే భయం పట్టుకుంది. ఆయన లేకుండా తను ఉండలేదు. ఆ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు. అనాల్సిన మాటలకి బదులు గోడ గురించి తిడుతూ వచ్చింది.

ఈ భయం ఆవిడ ఒక్కదానిదే కాదు. అద్దె ఇళ్లవాళ్లకి ఒక నడకే వచ్చేసింది. మోచేతులు డొక్కలకి ఆనించి, అరచేతులు రొమ్ము దగ్గర పెట్టుకుని, సరిగ్గా తోవ మధ్యలో నడుస్తారు. దాన్ని అద్దె నడక అంటారు. సొంతిల్లున్నవాళ్లు గుమ్మానికి భుజం ఆనించి కబుర్లు చెబుతారు, మెట్లెక్కుతూ గోడ మీద చెయ్యేస్తారు. బజారులో పది మందిని చూస్తే ఎవరు అద్దెవాళ్లో ఇట్టే తెలిసిపోతుంది. సీతాలు కూతురు పదిహేడో నెలొచ్చినా ఇంకా అడుగెయ్యలేదు. అది గోడ పట్టుకుని లేవబోయినప్పుడల్లా ఎత్తుకొచ్చి చాప మీద కూర్చోబెట్టారు, ఎలా నడుస్తుంది మరి.

మొదట్లో ఇంటికన్ను మనుషుల్ని కూడా చూసేది. అద్దెవాళ్లంతా కలిసి కోర్టుకెక్కి, ఎనిమిదేళ్లు చెప్పులరిగేలా తిరిగి గెలిచారు. అది గోడల్నీ నేలనీ తప్ప మనిషి ఒంటిని చూడకూడదు, గొంతు వినకూడదు, ఇంట్లో ఎవరు ఏమైనా దానికి పట్టకూడదు. తీర్పొచ్చిన రోజు భవనమంతా కాజాలు పంచారు. సహస్ర రెండు తీసుకుంది.

ఆ అరచేతి తేడా పడ్డ మర్నాటి నుంచి లోహిత్ చొక్కా జేబులో గుడ్డముక్కా గోడపొడి పొట్లమూ పెట్టుకుని తిరగడం మొదలెట్టాడు. ఎక్కడ చెయ్యి తగిలిందనిపించినా ఆగి తుడిచేవాడు. తర్వాత తర్వాత తుడవాల్సిన అవసరమే లేకపోయింది. ఆయన నడకలో ఆరితేరాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు డ్రైవరు లేని బస్సుల్లో సహాయకుడిగా ముప్పై ఏళ్లు చేశాడు, ఎంత మలుపులో అయినా కడ్డీ పట్టుకోకుండా నిలబడేవాణ్ణని చెప్పుకోవడం ఆయనకి సరదా. ఆ మనిషే కదా అనుకుని సహస్ర నిశ్చింతగా ఉంది. పది రోజులు తేడా లేకుండా గడిస్తే ఒక మార్కు కలుస్తుంది. ఒకటి కలిసింది, రెండూ కలిశాయి.

ఆయన కాఫీ సగం వదిలేస్తున్నాడు, మంచినీళ్లు గుక్కెడే తాగుతున్నాడు. బాత్‌రూముకి వెళ్లే పని తగ్గించుకోవడానికని ఆవిడకి తట్టలేదు. మంచం మీద లేచి కూర్చున్నాక చాలాసేపు అలాగే నేల చూస్తూ ఉండిపోతున్నాడు. వయసొచ్చాక మనిషి నెమ్మదించాడనుకుంది. పైగా ఒకరోజు, ఇన్నాళ్లకి నా మాట విన్నారని మెచ్చుకుంది కూడా. లోహిత్ నవ్వాడు.

పొడిగింపు రోజు పొద్దున్న సహస్ర తెల్లవారకముందే లేచి ఇల్లంతా రెండుసార్లు చూసుకుంది. ఎక్కడా ఏమీ లేదు. పదవుతుండగా హాలు మధ్యలోకి వచ్చి నిలబడి, రండి రండి అని పిలిచింది. ఆయన ఇంకా బాత్‌రూములో ఉన్నాడు. ఇంటికన్ను తెరుచుకుంది, నీలం గీత ఉత్తరపు గోడ మీద కదలడం మొదలెట్టింది.

బాత్‌రూము తలుపు తీసుకుని లోహిత్ బయటికొచ్చాడు. చేతులు రొమ్ము దగ్గరే ఉన్నాయి. రెండడుగులు వేసి ఆగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కుడి చెయ్యి గోడ వైపు లేచింది, వేళ్లు విచ్చుకున్నాయి. గోడ అక్కడే ఉంది, జానెడు దూరంలో. ఆ చెయ్యి గోడ దాకా వెళ్లి, తాకకుండా ఆగి, వెనక్కి రొమ్ము దగ్గరికి వచ్చేసింది. ఆయన పక్కకి ఒరిగి నేల మీద పడ్డాడు. సహస్ర ఇదంతా చూసింది. ఆ చెయ్యి వెనక్కి రావడం ఆవిడ కళ్లారా చూసింది.

ఆవిడ ఆయన తల ఒళ్లో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తోంది. నీలం గీత వాళ్ల దాకా పాకి వచ్చి, వాళ్లున్న మేర వదిలేసి, అవతలి నేల చూసుకుంటూ వెళ్లిపోయింది. కోర్టు చెప్పింది చెప్పినట్టే చేసింది.

"తేడాలేమీ లేవండి," అంది ఇంటికన్ను. "నేల కొంత కనబడలేదండి, రేపు చూస్తానండి. మీ అద్దె ఇంకో మూడేళ్లు పొడిగించామండి. శుభాకాంక్షలండి."

తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో చూసిన డాక్టరమ్మ చిన్నదే, నిద్రలేక కళ్లు గుంటలు పడి ఉన్నాయి. కళ్లు తిరగడం ఎన్నాళ్లుగా ఉందని అడిగింది. ఎనిమిది నెలలుగా అని లోహిత్ చెప్పాడు. సహస్ర ఆ మాట వినడం అదే మొదలు. అన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారని డాక్టరమ్మ అడిగితే, కళ్లు తిరిగినప్పుడల్లా గోడ పట్టుకునేవాణ్ణన్నాడు.

"మరి ఆ రోజు ఎందుకు పట్టుకోలేదు?"

లోహిత్ పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాడు. ఆయన చెప్పడని సహస్రకి తెలుసు.

"నేనే వద్దన్నాను," అంది.

డాక్టరమ్మ, ఈ ఏడాది తుంటి విరిగి వచ్చినవాళ్లలో సగానికి సగం అద్దె ఇళ్లవాళ్లేననీ, ఎందుకో ఇన్నాళ్లూ తనకి అంతుపట్టలేదనీ చెప్పింది. ఆ కన్ను తయారుచేసిన బుద్ధిమంతులు గోడ కప్పుని మోస్తుందని లెక్కేసుకున్నారు, మనిషిని కూడా మోస్తుందని వాళ్లకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు గోడలు తుడుచుకుంటూ ఉండిపోయారు. కళ్లు తిరగడానికి మందు రాశారు. ఇంటికెళ్లాక ఒక చేత కర్ర, ఒక చేత గోడ, అలాగే నడవాలని డాక్టరమ్మ మరీమరీ చెప్పి పంపింది.

సహస్ర ఫోనులో ఇంటికన్నుకి అర్జీ పెట్టి చూసింది, ఒంట్లో బాగోలేనివాళ్లు గోడ పట్టుకోవడానికి ఏదైనా వీలుందా అని. ఆ అర్జీకి ఫారంలో గడి లేదండి అని అది ఎంతో మర్యాదగా చెప్పింది. సరే, పోనీ, మార్కులు పోతే పోతాయి, మూడేళ్లు ఉంది కదా, అప్పటి సంగతి అప్పుడు చూసుకుందామని ఆవిడ గుండె రాయి చేసుకుంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు తొమ్మిదిన్నరకి ఆయన్ని మంచం మీంచి లేపి నిలబెట్టింది. కుడి చేతికి కర్ర ఇచ్చింది. ఎడమ పక్కన గోడ ఉంది.

"గోడ పట్టుకోండి," అంది.

లోహిత్ చెయ్యి చాపాడు. అది జానెడు దూరం దాకా వెళ్లి ఆగింది. ఇంకోసారి చాపాడు, మళ్లీ అక్కడే ఆగింది. నుదుటి మీద చెమటలు పట్టాయి.

"పట్టుకుందామనే ఉంది సహస్రా," అన్నాడు. "చెయ్యి వెళ్లట్లేదు."

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని అరచెయ్యి గోడకి అదిమింది. వదలగానే అది కాలిన పెనం తగిలినట్టు వెనక్కొచ్చేసింది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్లి, అట్లకని కలిపిన బియ్యప్పిండిలో చెయ్యి ముంచుకొచ్చింది. మంచం పక్క నుంచి బాత్‌రూము దాకా, అడుగుకొకటి చొప్పున, ఆయన చెయ్యి అందే ఎత్తులో గోడ మీద తన అరచెయ్యి అద్దుకుంటూ వెళ్లింది. లేత ఆకుపచ్చ గోడ మీద తెల్లగా ఏడు చేతులు పడ్డాయి. పదకొండేళ్లలో ఆ గోడని ఆవిడ అంత తనివితీరా తాకింది ఎప్పుడూ లేదు.

"ఇదిగో, ఇలా," అంది తిరిగొచ్చి. "వద్దన్నదాన్ని నేనే. పట్టుకోమంటున్నదీ నేనే. ఇక నుంచి వీటి మీద చెయ్యేసి నడవండి."

లోహిత్ ఆ చేతులన్నిటినీ వరసగా చూశాడు. చూసి, లేపమన్నట్టు తల ఆడించాడు. ఆవిడ లేపింది. కర్ర మంచానికి ఆనించేసి, ఎడమ చెయ్యి ఆవిడ భుజం మీద వేసి, బరువంతా దాని మీదే మోపి, గోడ దగ్గరికి మళ్లాడు. కుడి చెయ్యి జేబులోకి వెళ్లింది. గుడ్డముక్క తీశాడు, గోడపొడి పొట్లం పంటితో విప్పాడు. మొదటి చేతిని బొటనవేలి దగ్గర్నుంచి మెల్లగా అద్దడం మొదలెట్టాడు.

"పది కావస్తోంది," అన్నాడు.

ఆ గుడ్డ లాక్కుని అవతల పారెయ్యాలని సహస్రకి అనిపించింది. కానీ తను కదిలితే ఆయన పడిపోతాడు. మొదటి చెయ్యి పోయింది. ఇద్దరూ ఒకడుగు జరిగి రెండో దాని దగ్గర ఆగారు, ఆయన తుడుస్తున్నంతసేపూ ఆవిడ కదలకుండా నిలబడింది.