గుజ్జు ఫ్యాక్టరీ గోడ పక్కన వాసన

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. సదివింది అయిదో తరగతి, అదీ సగం. మా వీధి తాయమ్మ తిరుపతి ఆస్పత్రి వరండాలో కూర్చోని నాకు చెప్పింది. చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

మా ఊరికి అవతల, చిత్తూరు పొయ్యే దోవలో, మూతబడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటుండాది. మిషన్లు ఎప్పుడో పెరుక్కుని పోయినారు. అయినా పొద్దు మునిగినాక ఆ గోడ పక్కన నడిస్తే... మాగి మురిగిన పండు వాసన వస్తాదంటారు. తియ్యగా, కుళ్లుగా. అది ఎవురెంట ఇంటిదాకా వస్తే ఆ ఇంట్లో ఒక మనిషి దక్కరు. లారీ వరదయ్య అట్లే పోయినాడు. కుప్పుస్వామి కోడలు అట్లే పోయింది.

తాయమ్మ కూతురు నిస్సీకి పచ్చకామెర్లు. ఫ్యాక్టరీ దాటినాక ఒక పల్లెలో పసరు పోసే ముసలాయన ఉండాడు. ఉప్పు ముట్టకూడదు, పసరు తాగినాక ఇల్లు చేరేదాకా నోరు తెరవకూడదు. అదీ పత్యం. ఆ రోజు తల్లీబిడ్డా పోతే ఆడ జనం ఎక్కువై, తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఆటో దొరకలేదు.

"బిర్న రా మే..." అని తొందర పెట్టింది తాయమ్మ.

నిస్సీ పలకలేదు. కాళ్లు ఈడ్చుకుంటా వస్తా ఉంది. పిల్ల మాట నిలబెట్టుకుంటా ఉందని తాయమ్మ లోలోపలే మెచ్చుకుంది.

గోడ మొదలైంది.

వాసన... వచ్చింది.

తాయమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని గుంజింది. ప్రభువా, ప్రభువా అనుకుంటా నడిచింది. గోడ అయిపోయింది. వాసన అయిపోలేదు. ఊరొచ్చింది... వాసనా వచ్చింది.

ఇంట్లో అడుగు పెడతానే మొగుడు ఏబెల్ చెవిలో గొణిగింది, "ఎంటబడి వచ్చిందయ్యా."

"ఏంది, గుజ్జు దెయ్యమా? నువ్వు కెలికిన సంగటి పెట్టు. అదే పారిపోతాది," అని నవ్వినాడు.

అంతలో ఆయన ముక్కుకూ తగిలింది. నవ్వు ఆగిపోయింది.

"ఇంటికొచ్చినాం. ఇంక మాట్లాడు మే," అనింది తాయమ్మ.

నిస్సీ తల్లిని ఎగాదిగా సూసింది. "నువ్వెవురక్కా?... మా అమ్మ యాడ?"

ఏబెల్ గడప దాకా ఎనక్కి పోయినాడు. "అది మన బిడ్డ మాట కాదు. పాస్టరయ్యను పిల్చుకొస్తా... నువ్వు దగ్గరికి పోవద్దు."

తాయమ్మ కిటికీలు తెరిచింది. గాలి ఆడినా వాసన పోలేదు. నిస్సీ గోడ తట్టు తిరిగితే వాసన అటు తిరిగింది. ఇటు తిరిగితే ఇటు.

నీళ్ల లోటా పట్టుకుని తాయమ్మ వంగింది. పిల్ల ఊపిరి మొఖానికి తగిలింది...

వాసన ఆడుండాది. పిల్ల నోట్లో.

లోటా జారిపోయింది. వరదయ్య కండ్లు పసుపు పూసినట్టు ఉండింది గుర్తుకొచ్చింది. కుప్పుస్వామి కోడలి కండ్లూ అంతే. ఇద్దరూ పసరు తాగేదానికి నడిచి పోయినోళ్లే. ఆ గోడ పక్కనే.

"అది ఫ్యాక్టరీలోది కాదయ్యా," అనింది, గడపలో చెప్పులేసుకుంటా ఉండే మొగుడితో. "రోగం వాసన. దోవలో పిల్ల పలకలేదు... పత్యం అనుకుంటిని. పలకలేకపోయిందయ్యా. పాస్టరయ్య వొద్దు. నూటెనిమిదికి ఫోన్ చెయ్యి."

ఆస్పత్రిలో డాక్టరు దాపరికం లేకుండా చెప్పినాడు. కాలేయం చేతులెత్తేసింది, ఆ విషమే మెదడుకెక్కింది. ఇంకొకరి కాలేయంలో ముక్క కోసి పెడితేనే ఆశ. రక్తం పరీక్షలో సరిపోయే మనిషి దొరకాల, తొందరగా దొరకాల. ఇచ్చినోళ్లకు అది మళ్లీ పెరుగుతాదంట.

తెల్లార్లూ తాయమ్మ మంచం పక్కనే కూర్చోనింది. కొంగు ముక్కు మీది నుంచి తియ్యలేదు. కన్నబిడ్డను సూసి భయం. ఆ భయాన్ని సూసి సిగ్గు.

పొద్దున్నే కొంగు తీసేసింది. వంగి, నిస్సీ నోటి కాడ మొఖం పెట్టి, ఆ ఊపిరిని నిండుగా పీల్చింది. వాసన అట్లే ఉండాది. లేచి రక్తం తీసే గదికి పోయింది. పరాయి మగోళ్ల ముందర ఎప్పుడూ తలెత్తని మనిషి, రవిక చెయ్యి పైకి లాక్కుని చెయ్యి సాపింది.

"నాది సూడండి సార్. ముందు నాది సూడండి."