బెంచీ చివర చోటు

ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఒక అలవాటు ఉండేది. ఎవడి బూటు లేసులు వాడు కట్టుకోకూడదు. బట్టలు మార్చుకునే గదిలో గోడ పొడవునా ఒక చెక్క బెంచీ, దాని మీద అందరూ వరసగా కూర్చునేవాళ్ళు. ఒక్కొక్కడూ వంగి తన ఎడమపక్కవాడి లేసులు కట్టాలి. మొదట్లో కూర్చునే కెప్టెన్‌కి ఎడమపక్కన ఎవరూ ఉండరు కాబట్టి, ఆయనగారు లేచి బెంచీ చివరిదాకా నడిచి, అక్కడ కూర్చున్నవాడి కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని కట్టాలి. పొగరు దిగాలంటే వంగడం ఒక్కటే మందు అని పాత కోచ్ పెట్టిన పద్ధతి అది. దానికో షరతు కూడా ఉంది. కట్టినవాడు, కట్టించుకున్నవాణ్ణి చివరి విజిల్ ఊదేదాకా వదలకూడదు. పడితే లేపాలి, ఒంటరివాడైతే పక్కకి పరిగెత్తాలి.

ఇదంతా ముప్ఫై ఏళ్ళ నాటి మాట. ఆ జట్టులో వెనక నిలబడి బంతిని అడ్డుకునేవాణ్ణి గోడ అనేవాళ్ళు. గోడ ఇప్పుడు మందుల షాపు నడుపుకుంటున్నాడు. పొట్ట ముందుకొచ్చింది, మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. ఆ రోజు పొద్దున అటక మీది పాత బూట్లు దించి దుమ్ము దులుపుతుంటే, ఎవర్ని తన్నడానికండీ ఈ ముస్తాబు అని వాళ్ళావిడ నవ్వింది. ఎవర్నీ కాదు, కాలేజీలో ఆ పాత గది పడగొట్టేస్తున్నారు, జట్టు చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు, పాతవాళ్ళందరం చివరిసారి ఆ బెంచీ మీద కూర్చుని ఫొటో దిగి కబుర్లు చెప్పుకుంటాం అన్నాడు. అతని అసలు హుషారు దానికి కాదు. సాయంత్రం అదే మైదానంలో ఆడపిల్లల ఫైనల్ ఉంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు అమ్మడు ఆడుతోంది. గోడకి ఆ పిల్లంటే పంచప్రాణాలు.

మధ్యాహ్నం అందరూ చేరారు. పాత వరసలోనే కూర్చున్నారు. మొదట్లో కెప్టెన్, ఇప్పుడు పేరున్న లాయరు. మధ్యలో గోల్ కీపర్, బంతి కోసం బస్తా పడ్డట్టు పడేవాడు కాబట్టి వాడి పేరు బస్తా. చివరికి ఒక చోటు ముందు గోడ. ఆ చివరి చోటు మాత్రం ఖాళీ. అది పిట్టది. ఎడమ అంచు వెంట పరిగెడితే కాళ్ళు నేలకి ఆనేవి కావు వాడివి. ఇన్నేళ్ళయినా ఎవరూ అటు జరగలేదు, జరగమని ఎవరూ అనలేదు.

కెప్టెన్ ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి బెంచీ మీద ఉంచాడు. జోకులయ్యాయి, తిట్లయ్యాయి, పాత గోల్స్ అన్నీ మళ్ళీ పడ్డాయి. బయట మబ్బు కమ్మింది. చివరికి మాట ముప్ఫై ఏళ్ళ నాటి తమ ఫైనల్ మీదకి వచ్చింది. రాక తప్పదు కదా. గోడ కొట్టిన పొడుగు పాస్ కోసం పిట్ట దూసుకెళ్ళాడు. ఊడిన లేసు తొక్కుకున్నాడు. తల వెళ్ళి గోల్ స్తంభానికి తగిలింది, అక్కడికక్కడే పోయాడు. అంతే. రిఫరీ విజిల్ పారేసి పరిగెత్తాడు. ఆట అక్కడే ఆగిపోయింది. చివరి విజిల్ ఎవరూ ఊదనే లేదు.

కెప్టెన్ గొంతు సవరించుకుని, ఆ రోజు పిట్ట లేసులు తనే గట్టిగా కట్టానని, ఎలా ఊడాయో దేవుడికే తెలియాలని ఫోన్‌కి చెప్పాడు. కాదు, కట్టింది నేను, బాగా గుర్తుంది అన్నాడు బస్తా. ఇంకొకడూ అదే మాట. ఒట్టేసి మరీ చెప్పారు, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అందరికీ గుర్తే! గోడకి ఒళ్ళు మండిపోయింది. పక్కన కూర్చున్నది తను. ఆ పొద్దున పెనాల్టీ వస్తే ఎవరు కొట్టాలని కెప్టెనూ పిట్టా పోట్లాడుకున్నారు, కెప్టెన్ అటు రాకుండానే విసవిసా వెళ్ళిపోయాడు. పిట్ట కాలు చాపుకుని ఎదురు చూశాడు. తను వంగబోతే కాలు వెనక్కి లాక్కున్నాడు మొండి ఘటం. వాడే వచ్చి కట్టాలి అన్నాడు. లేసులు బూట్లలోకి దోపుకుని పరిగెత్తాడు.

"నువ్వు కట్టలేదు" అన్నాడు గోడ కెప్టెన్‌తో, నెమ్మదిగా.

అప్పుడే వాన మొదలైంది, కరెంటు పోయింది. చిన్న కిటికీలోంచి వచ్చే ఆ కాస్త వెలుతురూ మబ్బు మింగేసింది.

కాసేపటికి కెప్టెన్ నవ్వు తెచ్చుకుని, సరే, ఫొటోకి ముందు లేసులు కట్టుకుందాం, వేళ్ళకి వెలుగెందుకు అన్నాడు. చీకట్లో మూలుగులు మొదలయ్యాయి. పొట్టలు అడ్డొస్తున్నాయి, నడుములు పట్టేస్తున్నాయి, బస్తా పైకి లేవలేక తిట్టుకుంటున్నాడు. గోడ తన ఎడమపక్కవాడివి కట్టి నిటారుగా కూర్చున్నాడు. తనవి కట్టేవాడు లేడు. పోనీలే అనుకున్నాడు.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన గడ్డి వాసన, దాంతో నొప్పుల నూనె. ఆ ఘాటు నూనె వాడటం ఎప్పుడో మానేశారు అందరూ. తరవాత ఎవరో అతని పాదం పట్టుకున్నారు. చల్లటి వేళ్ళు... చకచకా లేసులు లాగాయి. అరికాలి కిందనుంచి రెండు చుట్లు చుట్టి, వెనక మడమ దగ్గర ముడి వేశాయి. బంతికి ముడి తగలకూడదని అలా కట్టేవాడు ఒక్కడే.

"బస్తా... నువ్వేనా?"

"నేనిక్కడున్నానురా" అన్న మాట మధ్యలోంచి వచ్చింది.

పక్కన బెంచీ చెక్క కిర్రుమంది. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు... కాలు చాపినట్టు...

"నాదెవరు కడతారు?"

గుసగుసే. కానీ అందరూ విన్నారు. కట్టాల్సినవాడు కెప్టెన్. కెప్టెన్ లేవలేదు.

"నాదెవరు కడతారు?"

ఎవడు ముందు లేచాడో తెలీదు. ఒకరినొకరు తోసుకుంటూ తలుపు తీసుకుని వానలోకి పడ్డారు. ఎదురుగా ఉన్న వరండాలో ఆగి, మెట్ల మీద కూలబడి గోడ ఆ ముడి విప్పబోయాడు. గోళ్ళు విరిగాయి కానీ ముడి కదల్లేదు. వాన తగ్గాక తల ఎత్తి చూస్తే ఆడపిల్లలు ఆ పాత గదిలోంచే బయటికి వస్తున్నారు. వాళ్ళ గది కురుస్తోందని అవతలి తలుపు తీసి ఇందులోకి పంపారట. అందరికన్నా చివర అమ్మడు.

గోడ పరిగెత్తి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళ నిండా బురద.

"ఇదేంటమ్మా?"

"మీ ఫ్రెండు ఒకాయన చివర కూర్చున్నాడు నాన్నా. చీకట్లో మొహం కనపడలేదు. నాది కట్టవా అన్నాడు. మీ వాళ్ళెవరూ వంగలేరు కదా, పాపం అని కట్టాను." నవ్వి చెయ్యి విడిపించుకుంది. "మీ అందరిలో ఆయనొక్కడే సన్నంగా ఉన్నాడు."

వద్దమ్మా, ఆడకు అని బతిమాలాడు. కారణం అడిగితే ఏం చెప్తాడు? పిల్ల వెళ్ళిపోయింది.

ఆ రోజు అమ్మడు ఆడిన ఆట ఎవరూ మర్చిపోలేరు. మాటిమాటికీ బంతిని ఎడమ అంచుకి, ఎవరూ లేని చోటికి తన్నింది. గీత దాటిపోవాల్సిన బంతి ప్రతిసారీ గీత మీద ఆగి, మళ్ళీ ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చింది. బురద మహిమ అన్నారు జనం. కెప్టెన్ మాత్రం గోడ భుజం గట్టిగా పట్టుకున్నాడు. గెలిచారు. విజిల్ ఊదారు. ఆడపిల్లలు ఒకరినొకరు ఎత్తుకుని గంతులేస్తూ వెళ్ళిపోయారు.

అమ్మడు మాత్రం మైదానం మధ్యలో నిలబడిపోయింది.

గోడ గీత దాటి లోపలికి నడిచాడు. "అయిపోయింది తల్లీ, ఇంటికి పోదాం రా."

"ఇంకా ఊదలేదుగా నాన్నా."

రిఫరీని బతిమాలి మళ్ళీ ఊదించాడు. చెవులు చిల్లులు పడేలా ఊదాడాయన. గేటు దగ్గరున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. పక్కనే ఉన్న పిల్ల తల కూడా తిప్పలేదు. కళ్ళు ఎడమ అంచు మీదే ఉన్నాయి.

"కట్టినవాళ్ళు వదలకూడదటగా" అంది, వినీ వినపడనట్టు. "నీ పాస్ కోసం చూస్తున్నాడు నాన్నా."

ఎవరూ తన్నని బంతి, ఖాళీ మైదానంలో మెల్లగా దొర్లుకుంటూ వచ్చి, గోడ బూటుకి తగిలి ఆగింది.